బెంచ్ మీద పాస్, వేడిలో ఫెయిల్: సిమెంట్ ఫ్యాక్టరీకి చేసిన ఫైబర్ కేబుల్ అసెంబ్లీల కేస్ స్టడీ

మిర్యాలగూడ దాటి కృష్ణా వైపు పోతే అంతా సున్నపురాయి నేల, దాని మీద సిమెంట్ ఫ్యాక్టరీలు. అలాంటి ఒక ఫ్యాక్టరీ తన కిల్న్ (సిమెంట్ కొలిమి), ప్రీహీటర్ దగ్గరి ఫీల్డ్ ప్యానెళ్ల నుంచి కంట్రోల్ రూము దాకా కొత్త ఫైబర్ లింకులు వేయాలనుకుంది. సైట్‌లో స్ప్లైసింగ్ (ఫైబర్లను కరిగించి అతకడం) వద్దు, రెండు చివర్లా కనెక్టర్లు వేసి టెస్ట్ చేసిన కేబుళ్లే కావాలని షరతు పెట్టింది. అడిగింది న్యాయమే. క్లింకర్ (కిల్న్‌లో కాలి వచ్చే సిమెంట్ గడ్డలు) దుమ్ము ఎగిరే చోట స్ప్లైసింగ్ మెషిన్ మూత తీస్తే వీ-గ్రూవ్‌లో (ఫైబర్‌ను కూర్చోబెట్టే గాడిలో) దుమ్ము చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఆ ఆర్డర్ చౌటుప్పల్ పక్కనున్న ఒక చిన్న అసెంబ్లీ యూనిట్‌కు వచ్చింది.

మొత్తం 32 కేబుళ్లు: 40 మీటర్లవి 14, 85 మీటర్లవి 12, 120 మీటర్లవి 6. కలిపి 2,300 మీటర్లు. ఒక్కో కేబుల్‌లో నాలుగు ఫైబర్లు, రెండు చివర్లా ఎల్‌సీ అనే చిన్న రకం కనెక్టర్లు, అంటే 256 కనెక్టర్లు. పెద్ద ఆర్డర్ కాదు. అయినా ముందుగా చేసిన నాలుగు శాంపిళ్లు బెంచ్ మీద చక్కగా పాసై, వేడి పరీక్షలో రెండు ఫెయిలయ్యాయి. ఎందుకు ఫెయిలయ్యాయో తెలుసుకోవడానికి యూనిట్‌కు చాలా రోజులు పట్టింది, ఎందుకంటే అందరూ పాలిషింగ్ వైపే చూశారు. తప్పు అంతకు చాలా ముందే, ట్యూబు కోసిన బల్ల దగ్గరే జరిగిపోయింది.

కేబుల్ కోసే ముందు అడిగినవి

ఎంక్వైరీలో ఉన్నది ఒకే వాక్యం: నాలుగు కోర్ ఆర్మర్డ్ ఫైబర్, ఎల్‌సీ టు ఎల్‌సీ, సింగిల్ మోడ్. దీన్ని నమ్మి కేబుల్ కోస్తే సగం సరుకు వెనక్కి వస్తుంది.

మొదటి ప్రశ్న నెట్‌వర్క్ స్విచ్చుల్లో ఏ ఎస్‌ఎఫ్‌పీలు (వెలుగును పంపి, అందుకునే చిన్న మాడ్యూళ్లు) ఉన్నాయని. ఫ్యాక్టరీలో పాత కేబుల్ 62.5 మైక్రాన్ల కోర్ (ఫైబర్ మధ్యలో వెలుగు నడిచే గాజు) ఉన్న మల్టీమోడ్, స్విచ్చుల్లో ఉన్నవి 850 నానోమీటర్ల ఎస్‌ఎఫ్‌పీలు. కొత్త సింగిల్ మోడ్ కేబుల్ కోర్ సుమారు 9 మైక్రాన్లు. ఆ ఎస్‌ఎఫ్‌పీ నుంచి వచ్చే వెలుగులో చాలా భాగం సింగిల్ మోడ్ కోర్‌లోకి ఎక్కనే ఎక్కదు. కేబుల్ ఎంత బాగున్నా లింక్ లేవదు, నింద మాత్రం కేబుల్ మీదికే వస్తుంది. అడిగాక ఫ్యాక్టరీ వాళ్లు 1310 నానోమీటర్ల ఎస్‌ఎఫ్‌పీలను కూడా తమ కొనుగోలులో చేర్చుకున్నారు.

రెండోది, 85 మీటర్లంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? ఒక కనెక్టర్ మొన నుంచి ఇంకో కనెక్టర్ మొన దాకానా, లేక బయటి జాకెట్ పొడవా? ఫ్యాన్-అవుట్ (కేబుల్ విడివిడి ఫైబర్లుగా చీలే చోటు) తర్వాత వచ్చే కాళ్లు 600 మి.మీ. పైనే ఉంటాయి కాబట్టి రెండింటికీ మీటరుకు పైగా తేడా వస్తుంది. డ్రాయింగ్‌లో మొన నుంచి మొనకే రాశారు. టాలరెన్సు మైనస్ వైపు సున్నా, ప్లస్ వైపు 1 శాతం. మిగిలిన కేబుల్‌ను ట్రేలో చుట్టి పెట్టొచ్చు, తక్కువైన కేబుల్‌ను సాగదీయలేం.

మూడో ప్రశ్న చాలామంది మర్చిపోయేది. ప్యానెల్‌లోకి కేబుల్ ఎటు నుంచి, ఏ రంధ్రం గుండా పోతుంది? ఇక్కడ ప్యానెళ్లకు ఎం20 గ్లాండ్లు బిగించి ఉన్నాయి. నట్టు, రబ్బరు తీసి కొలిస్తే లోపలి దారి 14 మి.మీ. నాలుగు ఎల్‌సీలు పక్కపక్కన అందులోంచి దూరవు. రెండు ఎల్‌సీల మధ్య 6.25 మి.మీ. దూరం పెట్టి పట్టే డ్యూప్లెక్స్ క్లిప్పు వేస్తే అసలే దూరవు. అందుకని కాళ్లను 40 మి.మీ. తేడాతో మెట్లుగా పెట్టారు: 600, 640, 680, 720. కనెక్టర్లు ఒకదాని వెనక ఒకటి గ్లాండ్ దాటతాయి. క్లిప్పులను విడిగా సంచిలో పెట్టి పంపితే లోపలికి పోయాక సైట్‌లో బిగించుకోవచ్చు. ఇందులో ఇంకో లాభం ఉంది. టీఎక్స్ (పంపే వైపు), ఆర్ఎక్స్ (అందుకునే వైపు) తారుమారైతే క్లిప్పు తీసి మార్చి వేసుకుంటే సరిపోతుంది. కేబుల్‌లో నీలం, నారింజ ఒక జత, ఆకుపచ్చ, గోధుమ ఒక జత. నీలం ఒక చివర టీఎక్స్‌లో ఉంటే రెండో చివర ఆర్ఎక్స్‌లో ఉండాలి, అంతే.

ఎండ్ ఫేస్ (కనెక్టర్ మొన మీద పాలిష్ చేసిన ముఖం) యూపీసీయా, ఏపీసీయా అన్నది కూడా ఖాయం చేసుకోవాలి. స్విచ్ ఎస్‌ఎఫ్‌పీలోకి నేరుగా పోయేది యూపీసీ, నీలం రంగు. 8 డిగ్రీల వాలుతో పాలిష్ చేసిన ఆకుపచ్చ ఏపీసీని దాంట్లో పెడితే రెండు ముఖాలు సరిగ్గా ఆనవు, మధ్యలో గాలి సందు మిగిలిపోతుంది.

వేడి లెక్క కూడా కాగితం మీదికి రావాలి. మే నెలలో నల్లగొండ వైపు నీడలోనే 44, 45 డిగ్రీలు. కిల్న్ పక్క ట్రే మీద మధ్యాహ్నం ఐఆర్ గన్‌తో చూస్తే 62 వచ్చింది. కేబుల్ గరిష్ఠ రేటింగ్ 70. ఈ సందు చాలా చిన్నది. అందుకే ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ విభాగం కొన్ని లింకులను కిల్న్ షెల్‌కు దూరంగా ఉన్న ట్రేలోకి మార్చింది. శాంపిళ్లను 70 డిగ్రీల దాకా వేడి చేసి చూపాలని, 1550 నానోమీటర్ల తరంగం వద్ద లాస్ (దారిలో పోయే వెలుగు) మార్పు 0.2 డీబీ (డెసిబెల్) దాటకూడదని ఒప్పందంలో రాశారు. ఆ ఒక్క వాక్యమే ఈ ఆర్డర్‌ను కాపాడింది.

కేబుల్ తయారీ

కేబుల్ లోపల జీ.657.ఏ1 (వంపును ఓర్చుకునే రకం) ఫైబర్లు నాలుగు. ఒక్కోదాని మీద 900 మైక్రాన్ల టైట్ బఫర్ (ప్లాస్టిక్ పూత), చుట్టూ అరమిడ్ నూలు, దాని మీద స్టీల్ స్పైరల్, పైన పొగ తక్కువగా వచ్చే హాలోజెన్ లేని జాకెట్. బయటి వ్యాసం 6 మి.మీ. స్పైరల్ ఎలుకల కోసం. కేబుల్ ట్రెంచుల్లో ఎలుకలు ఎంత పని చేస్తాయో ఇక్కడి ఫ్యాక్టరీల మెయింటెనెన్సు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఆ స్టీల్‌ను ప్యానెల్ లోపలికి రానీయకుండా ఫ్యాన్-అవుట్ దగ్గరే ఆపేశారు. లేకపోతే ఫైబర్ వేసి తెంచుకున్న విద్యుత్ సంబంధాన్ని ఆర్మర్ మళ్లీ కలిపేస్తుంది.

ఫ్యాన్-అవుట్ తర్వాత ఒక్కో బఫర్‌కు 2 మి.మీ. ట్యూబు తొడుగుతారు. అందులోనూ అరమిడ్ నూలు ఉంటుంది, ఎల్‌సీ కనెక్టర్ వెనక ఆ నూలును క్రింప్ చేస్తారు. ఒక చివరకు నాలుగు కాళ్లు కలిపి 2,640 మి.మీ., 64 చివరలకు దాదాపు 169 మీటర్ల ట్యూబు. వృథా కలుపుకుని 180 మీటర్లు తెప్పించారు. ఈ ట్యూబును గుర్తుపెట్టుకోండి.

బఫర్ వలిచేటప్పుడు స్ట్రిప్పర్ బ్లేడు గాజును తాకితే కంటికి కనపడని గాటు పడుతుంది. అలాంటి ఫైబర్ అక్కడే విరగదు. ఓవెన్‌లోనో, పాలిషింగ్‌లోనో, అదృష్టం బాగాలేకపోతే సైట్‌లో ఆర్నెల్లకో విరుగుతుంది. అందుకే వలిచిన ప్రతి ఫైబర్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నాలుగు వైపులా మెల్లగా వంచి చూడాలి. గాటు ఉంటే అక్కడే విరిగిపోతుంది. విరగనీయండి. ఒక కనెక్టర్ కన్నా ఒక అంగుళం ఫైబర్ చవక.

ఫైబర్‌ను కనెక్టర్‌లో అతికించే ఎపాక్సీ జిగురు రెండు భాగాలది, ఎపోటెక్ 353ఎన్‌డీ. తూకంలో 10కి 1. కంటి అంచనాతో కలిపితే గట్టిపడదు, లేదా పెళుసుగా తయారవుతుంది. కలిపాక మూడు గంటల్లో వాడేయాలి. ఎండాకాలం ఏసీ ఆగితే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. కలపడంలో చేరిన గాలి బుడగలను వాక్యూమ్‌లో తీసేయాలి. సిరంజితో ఫెర్రూల్ (కనెక్టర్ మొనలో ఫైబర్‌ను పట్టే సన్నటి గొట్టం) వెనక నుంచి ఎక్కిస్తూ, ముందు మొన మీద ఆవగింజంత చుక్క కనపడగానే ఆపాలి. సిరంజి వెనక్కి తీస్తూ ఇంకాస్త నొక్కితే జిగురు స్ప్రింగ్ మీదికి పారుతుంది. గట్టిపడ్డాక ఫెర్రూల్ వెనక్కి కదలదు, రెండు కనెక్టర్లు కలిసినప్పుడు ముఖాలు సరైన ఒత్తిడితో ఆనవు. వేలి గోటితో ఫెర్రూల్‌ను నొక్కి వదిలితే తిరిగి ముందుకు రావాలి. 256 చివరలకూ ఈ పరీక్ష చేయడానికి పెద్దగా టైం పట్టదు.

ఓవెన్‌లో గట్టిపడిన ఎపాక్సీ తేనె రంగు నుంచి ముదురు ఎరుపులోకి తిరుగుతుంది. ఒకే ట్రేలో ఒక కనెక్టర్ ముదురుగా, పక్కది పసుపుగా కనిపిస్తే ఓవెన్ బ్లాకులో ఆ గూడు వేడెక్కడం లేదని అర్థం.

పాలిషింగ్‌లో ముందు చేతితో, గాలిలో పట్టుకున్న ఫిల్మ్ మీద ఫైబర్ మొనను ఎపాక్సీ మట్టానికి తేవాలి. తర్వాత మెషిన్ మీద ఎపాక్సీ తీసే ఫిల్మ్, 9 మైక్రాన్ల డైమండ్, 1 మైక్రాన్ డైమండ్, చివర సిలికా ఫిల్మ్. జిగ్‌లో గూళ్లన్నీ నిండి ఉండాలి, ఖాళీగా ఉన్నవాటిలో డమ్మీలు పెట్టాలి. లేకపోతే ఉన్నవాటి మీద ఒత్తిడి పెరిగి ముఖం వంపు మారిపోతుంది.

ఇక నీళ్లు. ఫ్లోరైడ్‌తో నల్లగొండ బోరు నీళ్లు దేశమంతా తెలిసినవే. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అన్నారు. గట్టిదనం, లవణాలు ఎక్కువున్న ఈ నీళ్లతో ఫిల్మ్ కడిగితే, ఆరాక ఎండ్ ఫేస్ మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి. స్కోప్ (మైక్రోస్కోపు)లో చూస్తే అవి గీతల్లాగో, చిప్పుల్లాగో కనిపించి మంచి కనెక్టర్ రిజెక్టవుతుంది. ఫిల్మ్‌ల మధ్య కడగడానికి, ఫిల్మ్ తడపడానికి డీఐ (లవణాలు తీసేసిన) నీళ్లే వాడాలి.

ఫెయిలైన శాంపిళ్లు

నాలుగు శాంపిళ్లు 85 మీటర్లవి. స్కోప్‌లో ఐఈసీ 61300-3-35 ప్రమాణం ప్రకారం కోర్ జోన్ శుభ్రం. ముఖం ఆకారం కొలిచే ఇంటర్‌ఫెరోమీటర్‌లో వంపు వ్యాసార్ధం 7 నుంచి 25 మి.మీ. మధ్య, అపెక్స్ ఆఫ్‌సెట్ (వంపు శిఖరం ఫైబర్ మధ్య నుంచి తప్పిన దూరం) 50 మైక్రాన్ల లోపు. రిటర్న్ లాస్ (ఎక్కువైతే వెనక్కి తిరిగే వెలుగు తక్కువని అర్థం) 50 డీబీ దాటింది. ఇన్సర్షన్ లాస్ (కేబుల్ దాటేసరికి తగ్గే వెలుగు) 1310 వద్ద 0.18, 1550 వద్ద 0.2 చుట్టూ. ఇంతకన్నా బాగా ఎవరూ అడగరు.

ఛాంబర్‌లో 25 నుంచి 70కి, మళ్లీ 25కి, ఇలా ఐదు సైకిళ్లు. మూడో సైకిల్‌కే రెండు కేబుళ్లలో కొన్ని ఫైబర్ల లాస్ అంకెలు కదిలాయి. మీటర్ దగ్గరున్న ఆపరేటర్ చెప్పిన మాట ఇది: "అన్నా, 1310 మంచిగనే ఉంది, 1550 ఒక్కటే పైకి పోతుంది సూడు." ఐదో సైకిల్ తర్వాత చల్లారాక కూడా 1550 వద్ద 0.9 డీబీ, 1310 వద్ద 0.25.

యూనిట్ మొదట చేసింది ఆ కనెక్టర్లను మళ్లీ పాలిష్ చేయడం. కాస్త తగ్గినట్టు కనిపించి, తర్వాతి సైకిల్‌లో మళ్లీ పెరిగింది. తర్వాత కనెక్టర్ కోసి కొత్తది వేశారు. ఈసారి బాగుంది. కనెక్టర్ మారిస్తే బాగైంది కాబట్టి కనెక్టర్‌దే తప్పని తేల్చేశారు. ఈ తర్కం చాలా యూనిట్లలో జరిగే పొరపాటే. కనెక్టర్ కోసినప్పుడు దాని వెనక ఇరుక్కున్న ఫైబర్ కూడా వదులైంది, లాస్ తగ్గింది అందుకు. దాన్ని ఎవరూ చూడలేదు.

అంకెలు మొదటి రోజే దారి చూపించాయి. ముఖం మీద మురికి ఉన్నా, గాలి సందు ఉన్నా లాస్ రెండు తరంగాల వద్దా దాదాపు ఒకేలా పెరుగుతుంది. 1310 నిలకడగా ఉండి 1550 మాత్రమే ఎగబాకితే అది వంపు. పొడుగు తరంగం కోర్‌లో వదులుగా ప్రయాణిస్తుంది, వంపు దగ్గర ముందు అదే బయటికి జారిపోతుంది.

ఎర్ర వెలుగు లేజర్ పెట్టి గది చీకటి చేస్తే, ఎల్‌సీ బూట్ (కనెక్టర్ వెనక మెత్తటి తొడుగు) లోపలి నుంచి ఎర్రగా మెరిసింది. ఒక కాలును నిలువుగా చీల్చి చూశారు. కనెక్టర్ వెనక ఖాళీలో బఫర్ తిన్నగా లేదు, పాము మెలిక తిరిగినట్టు గోడలను తాకుతూ నొక్కుకుని ఉంది. ట్యూబు మాత్రం బూట్‌కు గట్టిగా ఆనుకుని ఉంది. అప్పుడు ట్యూబు మీద స్కేలు పెట్టారు. 600 మి.మీ. కాలు 595కి వచ్చింది.

అది కొత్త రీలు. ప్లాస్టిక్‌ను వేడి చేసి లాగుతూ ట్యూబుగా పోసేటప్పుడు సాగిన ఒత్తిడి అందులో బిగుసుకుని ఉండిపోతుంది. మళ్లీ వేడి తగిలితే ట్యూబు తన అసలు పొడవు వైపు ముడుచుకుంటుంది. గాజు ఫైబర్ మాత్రం ముడుచుకోదు. 5 మి.మీ. అదనపు ఫైబర్ ఎక్కడికి పోవాలి? ఒక పక్క ఫ్యాన్-అవుట్ జిగురులో బఫర్లు పాతుకుపోయి ఉన్నాయి, ఇంకో పక్క ఫెర్రూల్. మధ్యలో ఉన్న ఒకే ఒక్క ఖాళీ కనెక్టర్ వెనక ఉంది. మెలికంతా అక్కడ పడింది. అరమిడ్ నూలు ఉండగా ట్యూబు ఎలా కుదించుకుందని అడగొచ్చు. నూలు లాగుడును ఆపుతుంది, కుదింపును ఆపలేదు. తాడును నెట్టలేం కదా.

మిగతా రెండు శాంపిళ్లు ఎందుకు పాసయ్యాయో కూడా ఇక్కడే తేలింది. వాటికి వాడినది పాత రీలు చివరి ముక్క, ఎండాకాలమంతా స్టోరు రూములో రేకుల కింద ఉన్నది. అది ముడుచుకోవాల్సినంతా అక్కడే ముడుచుకుపోయింది.

ఫ్యాక్టరీ ఇంజనీర్ మంచి ప్రశ్న వేశారు: మా లింక్ 1310 మీద నడుస్తుంది, 1550 పెరిగితే మాకేం? రెండు కారణాలున్నాయి. ఈ వంపు ఇంకాస్త బిగిస్తే 1310 కూడా పడిపోతుంది. రెండోది పెద్దది: వంగి నొక్కుకున్న గాజు ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది, తేమ తోడైతే సన్నటి పగులు నెమ్మదిగా పెరిగి ఒక రోజు తెగిపోతుంది. జీ.657.ఏ1 ఫైబర్‌ను 10 మి.మీ. వ్యాసార్ధంతో ఒక చుట్టు చుట్టినా 1550 వద్ద గరిష్ఠంగా 0.75 డీబీ వరకే అనుమతి. వంపును అంతగా ఓర్చుకునే ఫైబర్, వంపును దాచిపెడుతుంది కూడా. 1310 మాత్రమే కొలిచే చోట ఇలాంటి తప్పు గేటు దాటిపోతుంది.

మార్చినవి

ట్యూబును కావలసిన దానికన్నా 100 మి.మీ. పొడుగ్గా కోసి, వదులుగా చుట్టి, 75 డిగ్రీల వద్ద 4 గంటలు ఓవెన్‌లో పెట్టారు. రాత్రంతా చల్లారనిచ్చి, తెల్లారి అసలు కొలతకు కోశారు. ప్రతి కొత్త రీలు నుంచి మీటరు ముక్క తీసి, ముందూ వెనకా కొలిచి రీలు మీద రాయడం మొదలైంది.

కేబుల్‌నూ వదల్లేదు. కోసిన కేబుళ్లను రెండు చివర్లా 300 మి.మీ. అదనంతో 70 డిగ్రీల వద్ద మూడు సైకిళ్లు తిప్పి, తర్వాత చివరలు కోసి కనెక్టర్లు వేశారు. జాకెట్ కూడా ముడుచుకుంటుంది, కానీ 85 మీటర్లకు అర మీటరు తగ్గిపోదు. మధ్యలో స్పైరల్, నూలు దాన్ని పట్టి ఉంచుతాయి. కదలిక చివరల్లోనే కనిపిస్తుంది, కనెక్టర్లు ఉండేవీ అక్కడే.

ఫ్యాన్-అవుట్ లోపల కూడా మార్పు జరిగింది. స్టీల్ స్పైరల్‌నూ నూలునూ జిగురులో గట్టిగా పాతారు. బఫర్లను మాత్రం సన్నటి స్లీవ్‌లోంచి పోనిచ్చి, జిగురు అంటకుండా జారేలా వదిలారు. ఎక్కడైనా రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తే అది ఫ్యాన్-అవుట్ దాటి కేబుల్ వైపు సర్దుకుంటుంది, బూట్‌లో మెలిక పడదు.

కొత్త శాంపిళ్లు అవే ఐదు సైకిళ్లలో 1550 వద్ద 0.05 డీబీ లోపే కదిలాయి. అప్పుడే మిగతా కేబుళ్లకు చేయి పెట్టారు.

టెస్ట్, ప్యాకింగ్, సైట్

అన్ని చివరలనూ రెండు తరంగాల వద్దా, ఒక రెఫరెన్స్ కార్డ్ (పోల్చి కొలవడానికి వాడే చిన్న కేబుల్) పద్ధతిలో కొలిచారు. 120 మీటర్ల ఫైబర్‌లో లాస్ 0.05 డీబీ కూడా రాదు కాబట్టి మీటర్‌లో కనిపించేదంతా దాదాపు కనెక్టర్లదే. రెఫరెన్స్ కార్డ్ అరిగితే మంచి కనెక్టర్లన్నీ చెడ్డవిగా కనిపిస్తాయి. వరసగా రెండు మూడు ఫెయిలైతే ముందు రెఫరెన్స్‌ను స్కోప్ కింద పెట్టి చూడాలి.

కేబుల్‌ను ప్లైవుడ్ డ్రమ్ము మీద చుట్టేటప్పుడు లోపలి చివర కూడా చేతికి అందేలా బయటికి తీసి కట్టారు. సైట్‌లో లాగే ముందే రెండు చివరలూ కొలుచుకోవచ్చు. లాగడానికి కనెక్టర్ల మీదుగా పుల్లింగ్ సాక్ (పట్టుకుని లాగే తొడుగు) తొడిగారు, బలం మాత్రం జాకెట్, నూలు మీద పడేలా ఫ్యాన్-అవుట్ వెనక కట్టారు. లాగేటప్పుడు వంపు వ్యాసార్ధం వ్యాసానికి 20 రెట్లు, అంటే 120 మి.మీ. తగ్గకూడదు. వేసి వదిలాక 10 రెట్లు, 60 మి.మీ.

సైట్ వాళ్లకు ఒక కాగితం తెలుగులో రాసి డ్రమ్ముకు అంటించారు: మూత తీశాక ముందు స్కోప్‌లో చూడు, మురికి ఉంటే క్లీనర్ వాడు, మళ్లీ చూడు, అప్పుడే పెట్టు. ఎస్‌ఎఫ్‌పీ వైపు కూడా శుభ్రం చెయ్. క్లింకర్ రేణువు గట్టిది, రెండు ముఖాల మధ్య నలిగితే గాజును గీరేస్తుంది, తర్వాత ఎంత తుడిచినా ఆ గీత పోదు. తీసిన డస్ట్ క్యాపును జేబులో వేసుకోవద్దని కూడా రాశారు. జేబులో దుమ్ము పట్టిన క్యాపును మళ్లీ తొడిగితే మురికి నేరుగా ఫెర్రూల్ మీదికి చేరుతుంది.

ఫ్యాక్టరీ వాళ్లు 32 కేబుళ్లనూ వేసి, ఎండ ముదిరిన మధ్యాహ్నం లింకులను మళ్లీ 1550 వద్ద కొలిచారు. ఏ ఫైబరూ తన టెస్ట్ రిపోర్టు అంకెను 0.1 డీబీ మించి దాటలేదు. ఆ రిపోర్టు నకలు, ట్యూబు రీలు నంబరుతో సహా, ఇప్పుడు ఒక్కో ప్యానెల్ తలుపు లోపల అంటించి ఉంది.